మా నల్లా నీళ్లకు నప్పే చేపలు: మూడడుగుల ట్యాంక్ డైరీ

జనవరి 5

ట్యాంక్ వచ్చింది. మూడడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు, పద్దెనిమిది అంగుళాల ఎత్తు, 8 మి.మీ. అద్దం. లెక్కకు 160 లీటర్లు. అడుగున ఇసుక, పైన నాలుగు వేళ్ల ఖాళీ తీసేస్తే నికరంగా పట్టేది 130 లీటర్లు. నీళ్లు, అద్దం, ఇసుక, ఇనప స్టాండు అన్నీ కలిపి దగ్గర దగ్గర రెండు క్వింటాళ్లు. కిటికీ పక్కన పెడితే అందంగా ఉంటుందని ఇంట్లో అందరూ అన్నారు. నేను మాత్రం కింద బీమ్ ఉన్న ఉత్తరపు గోడకే పెట్టించాను. కిటికీ ఎండకు అద్దం నిండా నాచు పడుతుంది, ఏప్రిల్ వచ్చేసరికి నీళ్లు కాగుతాయి.

మా అమ్మాయి చిన్ని అప్పుడే కాగితం మీద ట్యాంక్ బొమ్మ గీసి చేపలతో నింపేసింది. ఇరవై చేపలు, ఇరవై ఒంటి మీదా నీలిగీత, కింద ఎర్రరంగు. అన్నీ నియాన్ టెట్రాలే.

జనవరి 7

చేపలు తర్వాత, ముందు నీళ్లు. మా ఫ్లాట్‌లో రెండు రకాల నీళ్లు వస్తాయి. బాత్రూముల్లో బోరు నీళ్లు, వంటింటి నల్లాలో రోజు విడిచి రోజు మున్సిపల్ నీళ్లు. రెండూ వేర్వేరు గ్లాసుల్లో పట్టి కొలిచాను.

బోరు నీళ్లు: టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 810, గట్టిదనం 24 డిగ్రీలు, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.9. ఒక డిగ్రీ అంటే లీటరుకు 17.9 మి.గ్రా. కాబట్టి 430 మి.గ్రా. దాకా ఉన్నట్టు. బకెట్లకు, గీజరుకు పట్టే తెల్లటి పొర ఇదే.

నల్లా నీళ్లు: టీడీఎస్ 240, గట్టిదనం 9 డిగ్రీలు, పీహెచ్ 7.6.

నల్లా నీళ్లే అని ఖాయం చేసుకున్నాను. బోరు నీళ్లకు గప్పీలు, మోలీలు హాయిగా బతుకుతాయి గానీ నెల తిరిగేసరికి వాటి పిల్లలతో ట్యాంక్ నిండిపోతుంది. నల్లా నీళ్లతో ఉన్న చిక్కు క్లోరిన్ ఒక్కటే. రాత్రంతా బకెట్లో గాలిరాయి (గాలి బుడగలు వదిలే రాయి) వేసి ఉంచితే చాలావరకు పోతుంది, మిగిలినదానికి చిటికెడు హైపో పలుకులు. వెనకటికి ఫొటో స్టూడియోల్లో వాడిన హైపోనే.

పీహెచ్ విషయం చిన్నికి చెప్పాను, ఇక్కడా రాసి పెట్టుకుంటాను. చేప విసర్జించే అమ్మోనియాలో కొంత భాగమే విషం. పీహెచ్ 7 దగ్గర ఆ భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే, 28 డిగ్రీల వేడిలో, ఆరేడు వంతులు అవుతుంది. అంటే ఒక్క అంకె తేడాతో దాదాపు పదింతలు. మన నీళ్లలో, మన ఎండల్లో, చేపల్ని కిక్కిరిసి పెడితే ఇతర చోట్ల కంటే మనకు ముప్పు ఎక్కువ.

జనవరి 9

షాపుకు వెళ్లాం, కొనడానికి కాదు, చూడడానికి. మూడడుగుల ట్యాంక్ అనగానే కుర్రాడు టకటకా చెప్పేశాడు: "మేడమ్, నాలుగు ఏంజిల్, ఆరు టైగర్ బార్బ్, పది నియాన్, రెండు గోల్డ్ ఫిష్, క్లీనింగ్‌కి ఒక సక్కర్. ప్యాకేజీలో ఇచ్చేస్తా."

అతన్ని తప్పుపట్టను, అడిగినవాళ్లందరికీ అదే చెబుతాడు. కానీ ఆ ప్యాకేజీని నీళ్లలో ఊహించుకుంటే నాకు గుండె దడ వచ్చింది. టైగర్ బార్బ్‌లకు వేలాడే రెక్క కనబడితే కొరక్కుండా ఉండలేవు, ఏంజిల్‌కు ఉన్నవన్నీ వేలాడే రెక్కలే. ఏంజిల్ పెరిగాక నోట్లో పట్టే చేపను మింగుతుంది, నియాన్ సరిగ్గా దాని నోటికి పట్టేంత ఉంటుంది. గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ల చేప, జానెడు పెరుగుతుంది, తిన్నదానికి తగ్గట్టు నీళ్లు పాడుచేస్తుంది. ఈ అయిదు రకాలూ కలిపి ఒకే తొట్టిలో పెడితే పొసగవు.

ఇంకో తొట్టిలో గులాబీ, ఆకుపచ్చ రంగుల విడో టెట్రాలు. రంగు ఎక్కించిన చేపలు అవి. చిన్ని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకొచ్చేశాను.

ఇంటికొచ్చి సక్కర్ సంగతి చెబితే అత్తయ్య ఉలిక్కిపడ్డారు. ఆవిడది కైకలూరు దగ్గర ఊరు. "అమ్మాయ్, ఆ దెయ్యం చేపనా? మా తమ్ముడి చెరువులో వల వేస్తే అవే పడుతున్నాయిట. ఒంటి నిండా ముళ్లు, వల చించి పారేస్తుంది. తినడానికా పనికిరాదు, గట్టు మీద పారేస్తే గంటలైనా చావదు." షాపులో వేలెడంత పిల్లగా అమ్మేది అదే. అడుగు దాటి పెరుగుతుంది. ట్యాంకులో పట్టక ఎవరో కాలవలో వదిలేస్తారు, అక్కణ్నుంచి చెరువులకు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో దొరికే డీఎన్ఏ ఆనవాళ్లను బట్టి తూర్పు కనుమల్లో ఇదెంత దూరం పాకిందో పరిశోధించారు. మా ఇంట్లోకి ఆ చేప రాదు. అద్దం మీద నాచు నేనే గీక్కుంటాను.

జనవరి 12

ఇసుక కడగడం. ఇరవై కిలోలు, ఆరు సార్లు. నడుం పట్టేసింది.

జనవరి 14

సైకిల్ మొదలు. చేపల్లేకుండానే ముందు బ్యాక్టీరియాను పెంచుకోవడం. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చేది ఒక జాతి, నైట్రైట్‌ను నైట్రేట్ చేసేది ఇంకో జాతి. రెండూ ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. వాటికి మేతగా ల్యాబ్ సరుకులమ్మే చోట అమ్మోనియం క్లోరైడ్ తెచ్చాను. 130 లీటర్లకు 2 పీపీఎం (లీటరుకు 2 మి.గ్రా.) అమ్మోనియా రావాలంటే 0.8 గ్రాములు. నగల తూకం చూసే చిన్న కాటా మీద తూచుతుంటే అత్తయ్య వచ్చి డబ్బాలోకి తొంగి చూశారు.

"నవాసాగరం కదూ ఇది?"

నాకు తెలియని పేరు. ఆవిడే చెప్పారు. వాళ్ల చిన్నప్పుడు కళాయి పెట్టేవాడు వీధిలోకి వచ్చి, ఇత్తడి గిన్నెను బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, తగరం ముక్క రుద్ది, నవాసాగరం పొడి చల్లి గుడ్డతో తిప్పేవాడట. బుస్సుమని తెల్లపొగ లేచేదట. "ఆ పొగకి కళ్లల్లోంచి నీళ్లొచ్చేవి. దాన్ని చేపలకి పోస్తావేంటే?" చేపలకు కాదు, చేపలు రాకముందే పోసి, వచ్చేలోపు తినేసేవాళ్లను పెంచుతున్నానని చెప్పాను. ఆవిడ ఆ రోజు నుంచి ఖాళీ ట్యాంక్‌ను కూడా రోజూ చూస్తున్నారు.

మా ఆఫీసులో ఒకాయనకు పదేళ్లుగా చేపలున్నాయి. ఆయన పాత ఫిల్టర్ స్పాంజి పిండిన గోధుమరంగు నీళ్లు సీసాడు ఇచ్చారు. చూస్తే మురుగు, నాకు మాత్రం పెరుగు తోడుతో సమానం.

జనవరి 28

అమ్మోనియా తగ్గుతోంది, నైట్రైట్ పరీక్షలో రంగు ఊదా దాటిపోయింది.

ఫిబ్రవరి 2

ఖాళీగా ఉన్న ఈ వారాల్లోనే అసలు పని జరుగుతోంది. ఏ చేపలు అన్నది.

నియాన్ గురించి చిన్నితో కూర్చుని మాట్లాడాను. అది అమెజాన్ ఎగువన, అడవి నీడలో పారే మెత్తటి నీళ్ల చేప. 20 నుంచి 26 డిగ్రీలు దానికి సుఖం. గట్టిదనం 9 అన్నది ఫారాల్లో పుట్టిన నియాన్ ఓర్చుకుంటుందేమో గానీ మా హాల్లో మే నెల ఓర్చుకోదు. ఏసీ రోజంతా వెయ్యలేం, నీళ్లు చల్లబరిచే చిల్లర్ కొనే స్తోమత లేదు. నీళ్లు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు కూడా తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మి.గ్రా. పట్టే నీరు 32 డిగ్రీలకు 7.3 మాత్రమే పట్టుకుంటుంది. అదే వేడికి చేప ఊపిరి అవసరం పెరుగుతుంది.

"అయితే మన ఎండకి తట్టుకునే చేపలు ఏంటి?" అంది. తొమ్మిదేళ్ల పిల్ల అడిగిన ఆ ప్రశ్నతో నా జాబితా సగం కుదిరింది. మన దగ్గరివే వెతుకుదాం అనుకున్నాం.

జీబ్రా డానియో: గంగా, బ్రహ్మపుత్ర నీళ్ల చేప, దేనికైనా ఓర్చుకుంటుంది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో వర్ణించిన గంగానది చేపల్లో ఇదొకటి. హనీ గౌరామి కూడా ఆయన వర్ణించిన చేపే, అదే ఏడాది. ఒకే నేల చేపలు కదా, రెండూ కలిపి పెడదామా అని సంబరపడ్డాను. కానీ ఒక ప్రాంతం చేపలైనంత మాత్రాన ఒక తొట్టిలో కుదరాలని లేదు. డానియో క్షణం ఆగదు, మేత వేసిన చోటికి బాణంలా వచ్చి ఊడ్చేస్తుంది. హనీ గౌరామి నెమ్మదస్తురాలు, ముందు మేతను తన మీసాల్లాంటి పొడుగు రెక్కలతో తడిమి చూసుకుని గానీ నోరు తెరవదు. తడిమేలోపు గిన్నె ఖాళీ. కొట్లాట ఏమీ ఉండదు, ఒకటి నిశ్శబ్దంగా చిక్కిపోతుంది. రెండింట్లో ఒకటే అనుకున్నాం. చిన్ని మీసాల చేపనే ఎంచుకుంది.

మిస్ కేరళ అని పిలిచే డెనిసన్ బార్బ్ నాకు చాలా ఇష్టం. కానీ చల్లటి, జోరుగా పారే ఏటి చేప, నాలుగైదు అంగుళాలు పెరుగుతుంది, గుంపుగా ఉండాలి. మూడడుగులు దానికి జైలు. పైగా అంతరించే ముప్పున్న జాతి. జీబ్రా లోచ్ కూడా పడమటి కనుమల్లో అదే స్థితిలో ఉంది. రెండూ వద్దు.

చివరికి మిగిలినవి: పైన హనీ గౌరామి మూడు, మధ్యలో చెర్రీ బార్బ్ పది, అడుగున కూలీ లోచ్ అయిదు. చెర్రీ బార్బ్ శ్రీలంక నీడవాగుల చేప, నిజానికి దానికీ 27 దాటితే ఇష్టం ఉండదు. మనకు వచ్చేవి ఎక్కువగా చెన్నై కొళత్తూరు ఫారాల్లో, ఆ ఊరి ఎండల్లో పెరిగినవి. ఫ్యాన్ పెట్టి 29 దాటకుండా చూసుకోగలననే నమ్మకంతో రాసుకున్నాను. ఇది నేను తీసుకుంటున్న ఒక్క సాహసం.

"గ్యాలన్‌కు అంగుళం చేప" అనే లెక్క చాలామంది చెబుతారు. నేను వాడను. అంగుళం చేపలు పది, పది అంగుళాల చేప ఒకటి, రెండూ ఒకటే అనే లెక్క అది. పెద్ద చేప ఒళ్లంతా కండ, పొట్ట. మురికి కూడా అంతే.

ఫిబ్రవరి 19

సాయంత్రం 2 పీపీఎం వేస్తే తెల్లారి, మళ్లీ సాయంత్రానికి అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. వరసగా మూడు రోజులు ఇంతే. నీళ్లు ముప్పావు వంతు మార్చాను. వాలిస్‌నేరియా, జావా ఫెర్న్ నాటాం. నీటి మీద తేలే అంతరతామర నాలుగు మొక్కలు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి, కడిగి పైన వదిలాం. గౌరామికి నెత్తిమీద కప్పు ఉంటే ధైర్యం.

ఫిబ్రవరి 22

చెర్రీ బార్బ్‌లు పది. కొనే ముందు ఆ తొట్టి దగ్గర అరగంట నిలబడ్డాను. మేత వెయ్యమని అడిగి, తింటున్నాయా చూశాను. పొట్టలు లోపలికి పోలేదు, రెక్కలు ముడుచుకోలేదు, అడుగున చచ్చిన చేప లేదు. మగవి మూడు, ఆడవి ఏడు అడిగాను. మగవి సన్నగా, ఎర్రగా ఉంటాయి. ఆడవి తక్కువైతే ఉన్న ఒకరిద్దరి వెంట పడి ఊపిరాడనివ్వవు.

నేరుగా ట్యాంకులోకి కాదు, బాల్కనీ గదిలో 40 లీటర్ల టబ్‌లోకి. రోగం ఏదైనా ఉంటే అక్కడే బయటపడాలని మూడు వారాలు.

ఫిబ్రవరి 27

టబ్‌లో రెండింటి ఒంటి మీద తెల్లమచ్చలు. టార్చి వేసి చూస్తే తోక మీద బొంబాయి రవ్వ అద్దినట్టు. హీటరుతో 30కి పెంచాను, కల్లుప్పు లీటరుకు 2 గ్రాముల లెక్కన మొత్తం 80 గ్రాములు, ఒకేసారి కాకుండా రోజంతా నాలుగు విడతల్లో కరిగించి పోశాను. గాలిరాయి రెండోది పెట్టాను. మచ్చ చర్మం కింద ఉన్నప్పుడు ఏ మందూ దానికి తగలదు. అది రాలి, నీళ్లలో పిల్లల్ని వదిలినప్పుడే దొరుకుతుంది. వేడికి ఆ చక్రం తొందరగా తిరుగుతుంది. అందుకే మచ్చలు పోయినా ఇంకో వారం ఆపకూడదు.

మార్చి 3

ఒక ఆడ బార్బ్ పోయింది. చిన్ని కరివేపాకు కుండీలో పాతిపెట్టింది. మిగతా తొమ్మిదీ తింటున్నాయి. ఇవి నేరుగా పెద్ద ట్యాంకులో పడి ఉంటే ఇసుక, మొక్కలు అన్నిటికీ అంటుకునేది.

మార్చి 22

తొమ్మిది బార్బ్‌లు ట్యాంకులోకి. రెండు రోజులు మొక్కల వెనకే. మూడో రోజు పొద్దున లైటు వేసేసరికి ముందుకొచ్చాయి. మగవాటి రంగు పండు మిరపకాయ. అత్తయ్య కుర్చీ దగ్గరకు లాక్కుని చూశారు. "ఇవి మన పరిగెల్లాగే ఉన్నాయే. వరదొచ్చినప్పుడు కాలవలో పిల్లలం చీరకొంగుతో పట్టేవాళ్లం." నిజమే, పరిగె కూడా బార్బ్ కుటుంబమే.

టబ్ ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, హనీ గౌరామిలు మూడు తెచ్చాను. ఆరు సెంటీమీటర్లు ఉన్నాయి. మంచి నారింజ రంగు.

ఏప్రిల్ 14

గౌరామిలు ట్యాంకులోకి.

ఏప్రిల్ 19

ఏదో తేడాగా ఉంది. మూడింట్లో పెద్దది పై సగమంతా తనదే అంటోంది. బార్బ్‌లు మేతకు పైకొస్తే తరిమేస్తోంది. తోటి గౌరామి ఒకటి ఫిల్టర్ వెనక ఇరుక్కుని కూర్చుంది, దాని తోక అంచు చిరిగింది. నేను చదివిన, విన్న హనీ గౌరామి ఇలా ఉండదు.

రాత్రి స్కేలు అద్దానికి ఆనించి, అది పక్కగా తిరిగేదాకా కాచుకుని కొలిచాను. 8 సెంటీమీటర్లు. హనీ గౌరామి నిండా పెరిగితే 5. టార్చి మూతి మీద వేశాను. పై పెదవి లావుగా, ముందుకు పొంగి ఉంది. వీపు రెక్క చివర కోసుగా సాగింది. ఇది మయన్మార్ వైపు చేప, థిక్ లిప్ గౌరామి. దీని నారింజ రంగు రకాన్ని చాలా చోట్ల హనీ పేరుతో అమ్ముతారు. షాపు తొట్టి మీద లేబుల్ చూశాను, రంగు చూశాను, పెదవి చూడలేదు. ఆరు సెంటీమీటర్ల చేపను 5 మాత్రమే పెరిగే చేప అని ఎలా తెచ్చానో నాకే బాధగా ఉంది. ఫిల్టర్ వెనక నక్కినదాన్ని చూస్తే ఇంకా బాధ.

ఏప్రిల్ 20

ఆఫీసు ఆయనకు ఫోన్ చేశాను. ఆయనది అయిదడుగుల ట్యాంక్, అందులో పెద్ద గౌరామిలే ఉన్నాయి. "తీసుకురండమ్మా, చోటుంది" అన్నారు. సాయంత్రమే మూడింటినీ మూత ఉన్న బకెట్లో ఇచ్చి వచ్చాను. ఇంటికొచ్చేసరికి బార్బ్‌లు నీటి పైమట్టానికి వచ్చి తిరుగుతున్నాయి, వారం రోజుల తర్వాత.

ఏప్రిల్ 26

ఈసారి వేరే ఊరి నుంచి వచ్చిన మామూలు రంగు హనీ గౌరామిలు దొరికాయి, ఒక మగ, రెండు ఆడ. షాపు తొట్టిలో వెలిసిపోయినట్టు ఉంటాయి, ఎవరూ అడగరు. ఆడవాటికి కంటి నుంచి తోక దాకా గోధుమరంగు చార. పెదవి సన్నం. పొడవు మూడున్నర సెంటీమీటర్లు. మళ్లీ టబ్, మళ్లీ మూడు వారాలు. కూలీ లోచ్‌లు అయిదు కూడా తెచ్చాను, వాటికి పక్కనే ఇంకో టబ్. పొలుసులు కంటికి ఆనని చేపలవి, ఉప్పు సరిపడదు. గౌరామిలకు ఉప్పు వెయ్యాల్సొస్తే కలిపి ఉంచకూడదు.

మే 11

నలభై దాటిన ఎండ. ఫ్యాన్ లేకుండా చూస్తే నీళ్లు మధ్యాహ్నం మూడింటికి 31.5. మూత తీసి, దోమల జాలీ ఫ్రేము బిగించి, చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి మీదుగా వీచేట్టు పెట్టాను. 29 దగ్గర నిలబడింది. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే.

రోజుకు రెండు లీటర్ల పైనే ఆవిరవుతున్నాయి. ఆ లోటును నల్లా నీళ్లతో నింపకూడదని రెండో వారానికి గమనించాను. ఆవిరయ్యేది నీరే, లవణాలు లోపలే మిగులుతాయి. పైనుంచి మళ్లీ లవణాల నీళ్లు పోస్తే గట్టిదనం ఎక్కుతూ పోతుంది. 9 డిగ్రీలు 11 అయింది. ఇప్పుడు ఆవిరైనంత మేర లవణాలు వడకట్టిన ఆర్వో నీళ్లు, వారానికోసారి మార్చే ముప్పై లీటర్లకు మాత్రం నల్లా నీళ్లు.

బార్బ్‌లు 29లో బాగున్నాయి. మధ్యాహ్నం మేత మానేసి, పొద్దున ఆరింటికి, రాత్రి ఎనిమిదింటికి వేస్తున్నాను.

మే 18

గౌరామిలు, కూలీలు ట్యాంకులోకి. ఫిల్టర్ నీళ్లు పీల్చే గొట్టానికి స్పాంజి తొడిగాను, కూలీలు ఎంత సందులోకైనా దూరతాయి. వదిలిన నిమిషంలో అయిదూ ఇసుకలోకి మాయం.

మే 25

మేత వేసినప్పుడు చూశాను. గౌరామి పైన తేలిన పలుకును తడిమింది, ఆగింది, మళ్లీ తడిమింది, తింది. ఆ పక్కనే బార్బ్‌లు కిందికి జారుతున్న పలుకులను అందుకుంటున్నాయి. ఎవరి మట్టం వాళ్లది. చిన్ని చప్పట్లు కొట్టబోయి, భయపడతాయని చేతులు వెనక్కు పెట్టుకుంది.

జూన్ 8

మగ గౌరామి రంగు మారింది. పొద్దున లైటు వేసినప్పుడు లేత తేనెరంగే. పదింటికి ఆడది దగ్గరకొచ్చేసరికి గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి నీలం కమ్మింది, వీపు రెక్క ముందంచు నిమ్మపండు పసుపు, మిగతా ఒళ్లంతా ముదురు నారింజ. మా కళ్లముందే, రెండు నిమిషాల్లో. వర్షానికి ముందు మబ్బు కమ్మినట్టుగా ఉందన్నారు అత్తయ్య.

అంతరతామర వేళ్ల మధ్య రూపాయి బిళ్లంత మేర బుడగలు కట్టాడు. బార్బ్ దగ్గరకొస్తే జానెడు దూరం తరిమి ఆగిపోతాడు, వెంటపడడు. నీటి పైమట్టం కదిలితే బుడగలు చెదురుతాయని ఫిల్టర్ వేగం తగ్గించి, ఫ్యాన్ మొక్కలు లేని వైపుకు తిప్పాను. బార్బ్‌ల మధ్య పిల్లలు దక్కవని తెలుసు, ఈ విడతకు పట్టి వేరే పెట్టను.

రాత్రి పదకొండింటికి లైట్లన్నీ ఆర్పేసి, చిన్ని టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టి అడుగున వేసింది. ఇసుక మీద పసుపూ గోధుమ పట్టెలు. ఒకటి, రెండు, మూడు, జావా ఫెర్న్ కింద నాలుగు. అయిదోది కనబడలేదు. స్పాంజి తొడుగు తీసి చూద్దామని నేను చెయ్యి పెట్టబోతుంటే, "ఆగమ్మా" అంది. వాలిస్‌నేరియా మొదట్లో ఇసుకలోంచి మూతి ఒక్కటే బయటపెట్టి ఉంది అది.